9 అడుగుల సీలింగ్ ఉన్న గరాజ్‌లో కార్ లిఫ్ట్ పెట్టించొచ్చా? టూ పోస్టా, ఫోర్ పోస్టా?

శీను_ఫ్రిస్కో
డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఇల్లు, రెండు కార్ల గరాజ్, లోపల కొలిస్తే 20 బై 20, సీలింగ్ 9 అడుగులు. బళ్ళు రెండు, 2012 క్యామ్రీ, 2015 ఒడిస్సీ. ఆయిల్ మార్చడం దగ్గర్నుంచి బ్రేకులు, షాకులు, వీల్ బేరింగుల దాకా అన్నీ ఇంట్లోనే చేసుకుంటా. పదేళ్ళ నుంచి ఒక ఫ్లోర్ జాకు, నాలుగు స్టాండ్లు, కింద పరుచుకోడానికి ఒక అట్టపెట్టె, అంతే నా సరంజామా. పోయిన నెల ఒడిస్సీ కింద వెల్లకిలా పడుకుని కంట్రోల్ ఆర్మ్ బోల్టు ఊడట్లేదని పొడుగు రాడ్డు వేసి గట్టిగా గుంజితే టక్ మని ఒక చప్పుడు. బయటికి పాక్కుంటూ వచ్చి చూస్తే వెనక ఎడమ స్టాండు ఒక కాలు నేల మీంచి వేలెడు లేచి ఉంది. బండి పడలేదు. కానీ నా పక్కనే మా పెద్దోడు, 14 ఏళ్ళు, టార్చి పట్టుకుని పడుకుని ఉన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇక స్టాండ్ల మీద పెట్టి కింద దూరేది లేదని మా ఆవిడకి మాటిచ్చా.

అందుకే లిఫ్ట్ కొందామని. 9,000 పౌండ్ల టూ పోస్ట్ (రెండు స్తంభాలకి ఉన్న చేతుల మీద బండిని ఎత్తేది) ఒకటి చూసి పెట్టుకున్నా, వైర్లు పైనుంచి కాకుండా నేల మీంచి ప్లేటు కింద వెళ్ళే రకం. శనివారం హ్యామర్ డ్రిల్ అద్దెకి తెచ్చి ఆంకర్లకి (స్తంభాల్ని నేలకి బిగించే బోల్టులు) రంధ్రాలు వేసేద్దామని ప్లాను. అంతకు ముందు చూసుకోవాల్సినవి ఏమన్నా ఉంటే చెప్పండి.

ఎడిసన్_రాజు
టూ పోస్టే తీసుకో బ్రో, రెండో ఆలోచన వద్దు. నాది వేరే షెడ్డు, 12 అడుగుల ఎత్తు, ఆరేళ్ళుగా వాడుతున్నా. నాలుగు చక్రాలూ గాల్లో వేలాడతాయి, అడుగున మొత్తం ఓపెన్‌గా ఉంటది, నిలబడి పని చేసుకుంటా. మిగతావన్నీ రాజీ పడ్డమే.

పప్పుచారు
12 అడుగుల షెడ్డున్నోడు 9 అడుగులోడికి సలహా ఇస్తున్నాడు 😀

సివిల్_సుధ
శీను గారూ డ్రిల్ అద్దెకి తీసుకునే ముందు ఒక్క పని చెయ్యండి. గరాజ్ తలుపు దగ్గర, కాంక్రీట్ మీద ఏమన్నా అక్షరాలు అచ్చు వేసి ఉన్నాయేమో చూడండి. డల్లాస్ చుట్టుపక్కల ఇల్లంటే పోస్ట్ టెన్షన్ స్లాబ్ అయ్యుండే అవకాశమే ఎక్కువ. నేను స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని, ప్లేనోలో పని చేస్తున్నా, ఈ విషయంలో తేలిగ్గా తీసుకోకండి.

ఎందుకంటే ఇక్కడి మట్టి మన గుంటూరు నల్లరేగడి లాంటిదే, వానొస్తే ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది. ఆ కదలికకి స్లాబు పగలకుండా కాంక్రీట్ లోపల స్టీలు కేబుళ్ళు వేసి, కాంక్రీట్ గట్టిపడ్డాక వాటిని జాకులతో లాగి చివర్లు బిగిస్తారు. అర అంగుళం మందం, ఏడు తీగలు పేనిన కేబులు, ఒక్కోదాన్ని దాదాపు 33,000 పౌండ్ల బలంతో లాగుతారు, అంటే 15 టన్నులు. ఇల్లున్నంత కాలం ఆ లాగుడు అందులోనే ఉంటుంది. మీ డ్రిల్ బిట్టు దాన్ని కొరికిందా, తెగిన కేబులు కాంక్రీట్‌ని పెళ్ళగించుకుని బయటికి రావచ్చు, గోడ పక్కనుంచి కూడా దూసుకు రావచ్చు. మనిషికి దెబ్బ తగలకపోయినా ఫౌండేషన్ రిపేరు ఖర్చుకి మీరు కొనే లిఫ్టులాంటివి ఇంకా రెండు మూడు వస్తాయి.

శీను_ఫ్రిస్కో
సుధ గారూ ఇది నాకు అస్సలు తెలీదు. కొన్నప్పుడు బిల్డర్ ఏదో చెప్పినట్టు గుర్తు కానీ అప్పుడు వంటగది గ్రానైట్ గొడవలో ఉన్నాం. ఆఫీసు నుంచి వెళ్ళగానే చూస్తా.

కరెంట్_కిట్టు
మంచి టైమ్‌కి చెప్పారు మేడం. నేను కరెంటు సంగతి ఒక్కటి చెప్తా. టూ పోస్ట్ మోటార్లు ఎక్కువ శాతం 220 వోల్టులవి, గరాజ్‌లో మామూలు ప్లగ్గులు 110. వేరే లైను లాగించాలి. కొంతమంది కార్ చార్జర్ ప్లగ్గు ఉందిగా అని దానికే తగిలిస్తారు. అలా చెయ్యొద్దు. దాని బ్రేకరు 50 ఆంపులు, లిఫ్ట్ మోటారుకి కావాల్సింది 20 నుంచి 30. మోటారు ఇరుక్కుని కాలిపోతున్నా ఆ పెద్ద బ్రేకరు పడదు. బ్రేకరు ఎప్పుడైనా మోటారు మాన్యువల్లో రాసినదానికి తగ్గట్టే ఉండాలి.

ఆటోనగర్_బాషా
శీను అన్నా, నేను విజయవాడ ఆటోనగర్లో 22 ఏళ్ళ నుంచి షెడ్డు నడుపుతున్నా. మొదట పదేళ్ళు మాకు లిఫ్ట్ లేదు, గుంతే. గుంత మీద బండి పెట్టుకుని కింద నిలబడి చేసేవాళ్ళం, ఇప్పటికీ లారీలకి గుంతే. తర్వాత టూ పోస్ట్ కొన్నా. మీరు ఏ లిఫ్ట్ కొన్నా సరే ఒకటి గుర్తు పెట్టుకోండి, టైర్లు నేల వదిలి జానెడు లేవగానే ఆపేసి బంపర్ పట్టుకుని గట్టిగా ఊపాలి. ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి. ఊగినా కిర్రుమన్నా దించి బండి కింద ఆనించిన ప్యాడ్లు మళ్ళీ సర్దుకోవాలి. జానెడు ఎత్తు నుంచి జారితే టైర్ల మీదే పడుతుంది. మనిషెత్తు నుంచి జారితే ఇక చెప్పేదేముంది.

రెండోది, పైకెత్తాక లాకుల మీదకి దించి కూర్చోబెట్టాలి. నూనె ప్రెషర్ మీద నిలబడ్డ బండి కిందికి మా షెడ్లో ఏ కుర్రాడు వెళ్ళినా ఆ రోజు పని మాన్పించేస్తా.

గోదారిగట్టు
నాది హ్యూస్టన్, ఫోర్ పోస్ట్. దీన్ని నేలకి బిగించక్కర్లా, నాలుగు కాళ్ళ మీద మంచంలా నిలబడి ఉంటది, కంపెనీవాళ్ళే ఆంకర్లు వేస్తే వేసుకోండి లేకపోతే లేదంటారు. చక్రాల కిట్టు వేస్తే ఖాళీగా ఉన్నప్పుడు తోసుకుని జరుపుకోవచ్చు. శీను అన్నకి రంధ్రాల బాధే ఉండదు. పైన ఒక కారు, కింద ఒక కారు పెట్టుకోవచ్చు, నేను అందుకే కొన్నా.

సివిల్_సుధ
గోదారిగట్టు గారూ మీ సీలింగ్ ఎంత?

గోదారిగట్టు
10న్నర. అవును 9కి కుదరదు. లెక్క వేస్తే క్యామ్రీ ఎత్తు 58 అంగుళాలు, ఒడిస్సీ 68. రెండూ కలిపితేనే 126, పైన ప్లాట్‌ఫారం మందం ఇంకో 5 అనుకో. శీను అన్న సీలింగ్ 108. ఒకదాని మీద ఒకటి అనేది మర్చిపోవాల్సిందే.

ఇంకో సంగతి, ఫోర్ పోస్ట్‌లో బండి టైర్ల మీదే నిలబడి ఉంటది. ఆయిల్‌కి, సైలెన్సర్ పనికి బంగారం. బ్రేకులు చెయ్యాలంటే మాత్రం చక్రం విప్పాలి కాబట్టి మధ్యలో జరిగే బ్రిడ్జ్ జాకు వేరే కొనాలి, నేను మొదట తెలీక కొనలా, తర్వాత దానికి ఇంకో బిల్లు. పై కారు నుంచి కింద కారు మీద నూనె చుక్కలు పడకుండా ట్రేలు కూడా కావాలి.

టెస్లా_తమ్ముడు
మోడల్ వై ఉన్నవాళ్ళు కూడా వింటున్నారు, మాకూ చెప్పండి. కింద అంతా బ్యాటరీయే.

ఆటోనగర్_బాషా
బ్యాటరీ పెట్టెకి ప్యాడ్ తగలకూడదు, అంతే. దానికి నాలుగు మూలలా జాక్ పెట్టే చోట చిన్న రంధ్రాలుంటాయంట కదా, వాటిలో కూర్చునే గుండ్రటి రబ్బరు పక్‌లు దొరుకుతాయి, అవి పెట్టి వాటి మీదే ఎత్తాలి. మా దగ్గరికి ఎలక్ట్రిక్ బళ్ళు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి, ముందు మాన్యువల్లో బొమ్మ చూశాకే చెయ్యి వేస్తున్నాం.

టెస్లా_తమ్ముడు
పక్‌లు ఉన్నాయి అన్నా. థాంక్స్.

శీను_ఫ్రిస్కో
చూశా. సుధ గారూ మీకు ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే.

గరాజ్ నేలకి మూడేళ్ళ కిందట ఎపాక్సీ కోటింగ్ వేయించా, బూడిద రంగు మీద చుక్కలు చుక్కలుగా ఉంటది చూడండి అది. పైకి ఏమీ కనపడలా. మా వాడు మోకాళ్ళ మీద కూర్చుని తలుపు వారగా అరచేత్తో తడుముకుంటూ పోయాడు, నాన్నా ఇక్కడ గరుగ్గా ఉంది అన్నాడు. టార్చి నేలకి ఆనించి అడ్డంగా వేస్తే అప్పుడు అక్షరాల నీడలు లేచాయి, పోస్ట్ టెన్షన్ స్లాబ్, కొయ్యొద్దు, రంధ్రాలు వెయ్యొద్దు అని ఇంగ్లీషులో. సగం అక్షరాలు పెయింట్‌తో పూడిపోయాయి. నమ్మకం కుదరక ఇంటి పక్కకి వెళ్ళి చెక్కపొట్టు పక్కకి తోసి స్లాబు అంచు చూస్తే రూపాయి బిళ్ళకన్నా పెద్దవి, గుండ్రంగా సిమెంటు మాట్లు వరసగా ఉన్నాయి, నాలుగైదు అడుగులకొకటి. కేబుళ్ళ చివర్లేనా అవి?

శనివారం డ్రిల్ బుకింగ్ క్యాన్సిల్ చేశా.

సివిల్_సుధ
అవే. కేబుల్ బిగించాక ఆ గుంటల్ని అలా పూడుస్తారు. మీ అబ్బాయికి నా తరఫున శభాష్ చెప్పండి, మంచి ఇన్‌స్పెక్టర్ అవుతాడు.

ఎడిసన్_రాజు
సరే కేబుళ్ళు ఉన్నాయి. కానీ అంతటితో టూ పోస్ట్ అయిపోయినట్టు కాదు కదా. రాడార్ స్కాన్ చేసేవాళ్ళు ఉంటారు, నేల మీద చిన్న బండి తోసుకుంటూ వెళ్ళి కేబుల్ ఎక్కడుందో చాక్‌పీసుతో గీత గీసి ఇస్తారు. గీతల మధ్యలో రంధ్రం వేసుకోవచ్చు. టెక్సాస్‌లో టూ పోస్ట్ పెట్టుకున్నోళ్ళు ఎంతమంది లేరు.

సివిల్_సుధ
రాజు గారూ, ఉన్నారు, స్కాన్ చేయించి పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు, కాదనను. కానీ టూ పోస్ట్ స్తంభాల మధ్య దూరం లిఫ్టు డిజైన్‌లో ఖాయమై ఉంటుంది, గరాజ్‌లో బండి ఎక్కడ నిలబడాలన్నది గోడలు, తలుపు ఖాయం చేస్తాయి. అంటే ఆంకర్లు పడే చోటు మీ చేతిలో పెద్దగా లేదు. సరిగ్గా బేస్ ప్లేట్ కింద నుంచే కేబులు పోతుంటే జరుపుకోడానికి చోటుండదు. స్కాన్ లేకుండా వెయ్యడం మాత్రం అసలొద్దు. స్కాన్ చేయించినా ఒక ఇంజినీర్ చూసి కాగితం ఇస్తేనే వెయ్యండి. ఇంటి ఫౌండేషన్ వారంటీ ఉంటే ఆ కాగితాలు కూడా తీసి చదవండి, స్లాబుకి రంధ్రం వేస్తే చెల్లదని చాలావాటిలో రాసి ఉంటుంది.

ఇది కాక సీలింగ్. నేల మీద ప్లేటు రకంలో కూడా చాలా మోడళ్ళకి స్తంభమే 9 అడుగులకి అటూ ఇటూ ఉంటుంది. ఒకవేళ పట్టినా 68 అంగుళాల ఒడిస్సీ ఎత్తితే 40 అంగుళాలకే పైకప్పుకి తగులుతుంది. ఆ 40 కూడా సీలింగ్ నుంచి లెక్క, తలుపు తెరిచే మోటారు పట్టా కిందికి వేలాడుతూ ఉంటుంది కదా, దాని నుంచి కొలిస్తే ఇంకా తగ్గుతుంది. నిలబడి పని చెయ్యడం అనేది శీను గారి గరాజ్‌లో ఏ లిఫ్ట్ పెట్టినా జరగదు.

కరెంట్_కిట్టు
ఆ పట్టా సమస్యకి మార్గం ఉంది. తలుపు మోటారుని సీలింగ్ నుంచి తీసేసి పక్క గోడకి పెట్టే రకం వస్తుంది, తలుపు పైన ఉండే ఇరుసునే నేరుగా తిప్పుద్ది. తలుపు ట్రాక్‌ని కూడా సీలింగ్‌కి దగ్గరగా పైకి జరిపించుకోవచ్చు, తలుపు బరువు లాగే స్ప్రింగు పని మాత్రం సొంతంగా చెయ్యకండి, పిలిపించండి.

వంశీ_అట్లాంటా
నేను మ్యాక్స్‌జాక్ వాడుతున్నా, పొట్టి టూ పోస్ట్ అనుకోండి, 6,000 పౌండ్లు, దాదాపు 4 అడుగులు ఎత్తుద్ది, పనయ్యాక స్తంభాలు విప్పి మూలకి తోసేయొచ్చు. స్టూలు మీద కూర్చుని పని చేసుకుంటా. కానీ దానికీ ఆంకర్లు కావాలి కాబట్టి శీను గారికి ఉపయోగం లేదు.

నా అనుభవం చెప్తా, అట్లాంటాలో కేబుళ్ళ గొడవ లేదు, మామూలు స్లాబు. అందుకని ధీమాగా ఉన్నా. కాంక్రీట్ మందం 4 అంగుళాలు కనీసం ఉండాలి, దాని బలం 3,000 పీఎస్ఐ ఉండాలి అని మాన్యువల్లో ఉంటే, ఎందుకైనా మంచిదని చిన్న బిట్టుతో ఒక రంధ్రం ఆరపారా వేసి వంచిన తీగ దింపి కొలిచా. 3 అంగుళాల చిల్లర వచ్చింది. పక్కన ఇంకోటి వేస్తే అక్కడా అంతే. అప్పుడు రెండు చోట్ల నేల కోయించి, అడుగు లోతు తవ్వి, కడ్డీలు కట్టి కొత్తగా పోయించా. 28 రోజులు ఆగమన్నారు, ఆగా. ఆ నెల రోజులూ గరాజ్‌లో సమాధుల్లా రెండు చతురస్రాలు, మా అత్తగారు వచ్చి ఇదేంట్రా అని ఒకటే గొడవ.

పప్పుచారు
సమాధులు 😂😂

పోరడు_కరీంనగర్
అన్నా మాది హైదరాబాద్‌ల 200 గజాల ఇల్లు, కింద మొత్తం పార్కింగే, పైన మేము ఉంటం. నాకు గా ఫోర్ పోస్ట్ లెక్కది పెట్టిచ్చుకుంటే రెండు కార్లు ఒక్క జాగల ఆగుతయ్ గదా అని ఎప్పటి నుంచో ఉన్నది. ఎత్తు 10 ఫీట్లు. నేలకేం గాదు గదా?

సివిల్_సుధ
పది అడుగులు ఎక్కడి నుంచి కొలిచారు? స్లాబు అడుగు నుంచా, బీము అడుగు నుంచా?

పోరడు_కరీంనగర్
స్లాబు దగ్గరికెల్లి. బీము కింద జూస్తే 8 ఫీట్ల 9 ఇంచులే వస్తున్నది మేడం. బీము నడిమిట్ల పోతది.

సివిల్_సుధ
అయితే మీ లెక్క 8 అడుగుల 9 అంగుళాలు. రెండు చిన్న కార్లయినా కష్టమే. అంతకన్నా ముఖ్యం నేల. మన ఊళ్ళలో పునాది బీముల మధ్య మట్టి నింపి, తొక్కించి, మీద 4 అంగుళాల పీసీసీ (కడ్డీలు లేని కాంక్రీట్) వేసి పార్కింగ్ టైల్స్ అంటిస్తారు. అది కారు టైర్లకి చాలు. లిఫ్టులో రెండు కార్ల బరువు, లిఫ్టు బరువు కలిపి నాలుగు చిన్న ప్లేట్ల మీదకి వచ్చేస్తుంది. మట్టి సరిగా కుదురుకోకపోతే ఒక కాలు దిగుతుంది. కాలు కింద టైల్ తీసేసి, గట్టి నేల దాకా తవ్వి కడ్డీలతో ఫుటింగ్ వేయించాలి. అసలు ఏమేం వేసి కట్టారో మీ మేస్త్రిని అడగండి.

ఆటోనగర్_బాషా
సుధ మేడం చెప్పింది నిజం తమ్ముడూ. మా పక్క షెడ్డువాళ్ళు పార్కింగ్ టైల్స్ మీదే టూ పోస్ట్ బిగించారు, పైకి చూస్తే నిక్షేపంగా ఉంది. ఆర్నెల్లకి ఆంకర్ల చుట్టూ టైల్స్ చిట్లాయి, బోల్టు చేత్తో తిప్పితే తిరుగుతోంది. అదృష్టం బాగుండి ముందే చూసుకున్నారు.

టూ పోస్ట్ కావాలనుకునేవాళ్ళకి ఇంకోటి. బరువు మధ్య పెట్టి ఎత్తామనుకుంటాం, ఆ తర్వాత బండిలోంచి బరువైన సామాను విప్పితే మధ్య అనేది మారిపోతుంది. నా కళ్ళ ముందే ఒక అంబాసిడర్‌కి వెనక హౌసింగ్ (వెనక చక్రాల ఇరుసు ఉండే పెట్టె) మొత్తం దించగానే ఇంజిన్ బరువుకి ముక్కు కిందికి వాలింది. పని చేసేవాడు వెనకే ఉన్నాడు కాబట్టి బతికాడు. ఇంజినో గేర్‌బాక్సో హౌసింగో దించే ముందు రెండో కొసకి పొడుగు స్టాండు పెట్టాల్సిందే.

పోరడు_కరీంనగర్
మంచిగ జెప్పిన్రు. మేస్త్రిని అడుగుత. ఇగ ఇప్పుడైతే ఆపుత.

శీను_ఫ్రిస్కో
మరి నాకు మిగిలింది ఏంటి? క్విక్‌జాక్ లాంటివి చూస్తున్నా. నేల మీద పరిచే రెండు ఫ్రేములు, హోసులతో ఒక చిన్న పంపు.

ఎడిసన్_రాజు
20 అంగుళాలు ఎత్తే దాన్ని లిఫ్ట్ అంటారా. మళ్ళీ వీపు మీద పడుకోవాల్సిందే. క్లచ్ మార్చాలంటే, గేర్‌బాక్స్ దించాలంటే చచ్చినట్టు వేరే చోటికి పోవాలి. ఫోర్ పోస్ట్ తీసుకుని 40 అంగుళాలన్నా ఎత్తుకో.

వంశీ_అట్లాంటా
రాజు గారూ ఆయన అడిగింది బ్రేకులు, షాకులు, బేరింగులు, ఆయిల్. గేర్‌బాక్స్ దించుతా అనలేదు. ఫోర్ పోస్ట్ స్తంభాలు నాలుగూ 20 అడుగుల గరాజ్‌లో శాశ్వతంగా నిలబడి ఉంటే రెండో కారు తలుపు తీసి పిల్లల్ని దించడం ఎట్లా?

గోదారిగట్టు
ఫోర్ పోస్ట్ ఉన్నవాడిగా చెప్తున్నా వంశీ చెప్పింది కరెక్ట్. మా ఆవిడ కారు అద్దం రెండు సార్లు స్తంభానికి రాసింది.

ఎడిసన్_రాజు
సరే సరే ఒప్పుకున్నా. గరాజ్ ఒక్కటే ఉన్నోడికి అదే నయం. కానీ లాకులు గట్టివి చూసుకుని కొను. అమెరికాలో అయితే ఏ.ఎల్.ఐ. (ఆటోమోటివ్ లిఫ్ట్ ఇన్‌స్టిట్యూట్) బంగారు రంగు స్టిక్కరు ఉన్న మోడలేనా అని చూడు, అది బయటి ల్యాబులో టెస్ట్ అయినట్టు. అన్ని రకాలకీ ఉండదు, ఉన్నవాటిలో ఉన్నది ఎంచుకో.

పప్పుచారు
ఏ.ఎల్.ఐ. అంటే ఆలి. ఆలి సర్టిఫికెట్ లేకుండా గరాజ్‌లోకి ఏదీ రాదు, ఏ రాష్ట్రమైనా ఇదే రూలు.

శీను_ఫ్రిస్కో
ఆలి సర్టిఫికెట్ మొదటి రోజే వచ్చేసింది, స్టాండు కాలు లేచింది తను కళ్ళారా చూసింది.

టెస్లా_తమ్ముడు
శీను అన్నా కొనే ముందు ఒకటి కొలుచుకో. ముందు జాక్ పాయింట్ నుంచి వెనక జాక్ పాయింట్‌కి ఎంత దూరమో టేపు పెట్టి చూడు. నేను కొలవకుండా కొన్నా, ఫ్రేమ్ పొడవు చాల్లేదు, పొడిగింపు ముక్కలు మళ్ళీ తెప్పించుకోవాల్సొచ్చింది. క్యామ్రీ వీల్‌బేస్ 109 అంగుళాలు, ఒడిస్సీది 118, చాలా తేడా ఉంది. పొడవైన బండికి తగ్గట్టే కొనుక్కో. బరువు కూడా, ఒడిస్సీ 4,500 పౌండ్ల చుట్టుపక్కల ఉంటది, 5,000 మోడల్ అంచు మీద ఉన్నట్టే, 7,000 తీసుకో.

శీను_ఫ్రిస్కో
మంచి మాట. ఇవాళ రాత్రికే కొలుస్తా.

శీను_ఫ్రిస్కో
మూడు వారాలయింది, ఏమైందో రాస్తున్నా. కొంచెం పొడుగ్గా ఉంటది, చదవండి.

7,000 పౌండ్లది, పొడుగు ఫ్రేములది తెప్పించా. 110 వోల్టుల మోటారే, కిట్టు గారు చెప్పిన లైను లాగే పని తప్పింది. లారీవాడు పెట్టెల్ని డ్రైవ్‌వే మొదట్లో దించి సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు, లోపలికి తేవడానికి పక్కింటి పంజాబీ అంకుల్ చెయ్యి వేశాడు. బిగించడం కష్టం కాదు, హోసుల కనెక్టర్లకి టేపు చుట్టి బిగించడం, ట్యాంకులో హైడ్రాలిక్ నూనె పోయడం. ఏడబ్ల్యూ 32 పోశా.

మొదటిసారి ఖాళీగా లేపితే ఎడమ ఫ్రేము సర్రున లేచింది, కుడిది అక్కడే కూర్చుంది. గుండె జారింది. తప్పు నాదే, గాలి తీయమన్న పేజీ చదివి కూడా ముందు ఒకసారి లేపి చూద్దాంలే అనుకున్నా. అప్పుడు సిలిండర్ మీద బ్లీడ్ స్క్రూ కొద్దిగా వదులు చేసి గుడ్డ అడ్డం పెట్టి లేపితే బుసబుసమని నురగ వచ్చింది, తెల్లగా, మజ్జిగ మీద నురగలా. నురగ ఆగి నూనె సన్నటి ధారగా వచ్చేదాకా చేసి బిగించా. రెండు పక్కలా నాలుగైదు సార్లు ఖాళీగానే ఎత్తి దించాక రెండూ ఒకదానికొకటి సమానంగా లేవడం మొదలెట్టాయి.

ఎవరూ చెప్పనిది ఒకటి కనిపెట్టా, ఇది నిటారుగా పైకి లేవదు, ఉయ్యాల బల్లలా ముందుకో వెనక్కో జరుగుతూ లేస్తుంది. అంటే బండి కూడా అంత మేర జరుగుతుంది. గోడ దగ్గర ఉన్న పెయింట్ డబ్బాల షెల్ఫు తీసేయాల్సొచ్చింది. ముందే కొలుచుకుని బండిని మధ్యలో ఆపండి.

తర్వాత ఒడిస్సీ. తలుపుల కింది అంచున (సిల్) జాకు పెట్టే గాడులు ఉన్న చోట సరిగ్గా రబ్బరు దిమ్మలు వచ్చేలా మావాడు ఆ పక్క, నేను ఈ పక్క పడుకుని చూసుకున్నాం. కిట్టులో చిన్నవి నాలుగు, పెద్దవి నాలుగు వచ్చాయి, ఒడిస్సీకి పెద్దవి పెట్టాం. జానెడు లేవగానే ఆపి, బాషా అన్నా నీ మాట ప్రకారం, ముందు నుంచి ఊపా, వెనక నుంచి ఊపా. వెనక కుడి దిమ్మ సగమే కూర్చుందని అప్పుడు తెలిసింది. దించి సర్ది మళ్ళీ లేపాం. రెండో లాకు దాకా లేపి, లాకుల మీదకి దించి కూర్చోబెట్టాం, రెండు పక్కలా ఖణ్ మని ఒకేసారి చప్పుడు.

వెనక బ్రేకులు గంటన్నరలో అయిపోయాయి. రాజు గారన్నట్టు ఆయిల్‌కి మాత్రం వీపు మీద పడుకోవాల్సిందే, కానీ 20 అంగుళాల కింద భుజం తిప్పుకోడానికి, పానా తిప్పుకోడానికి చోటుంది. మా ఆవిడ వచ్చి లాకులు రెండూ తనే వంగి చూసి లోపలికి వెళ్ళింది.

ఆటోనగర్_బాషా
ఆ సగం కూర్చున్న దిమ్మే మనుషుల్ని చంపేది. దొరికింది చూశారా. సంతోషం అన్నా.

హోసులు నేల మీద అడ్డంగా పడి ఉంటాయి కాబట్టి జాకు చక్రాలు వాటి మీదకి ఎక్కించొద్దు. నెలకోసారి కనెక్టర్ల దగ్గర వేలితో తడిమి చూడండి, తడి తగిలితే ఆ రోజు ఎత్తొద్దు.

సివిల్_సుధ
నేలకి ఒక్క రంధ్రం కూడా పడలేదు, నాకదే సంతోషం. గరాజ్ నేల తలుపు వైపు వాలు ఉంటుంది కదా, ఫ్రేములు జారడం లాంటిది ఏమన్నా గమనించారా?

శీను_ఫ్రిస్కో
ఖాళీ ఫ్రేములు ఎపాక్సీ మీద కొంచెం జరిగాయి సుధ గారూ, బరువు పడ్డాక జరగలా. అయినా కింద పల్చటి రబ్బరు షీటు పరిచా. ఇంకో విషయం, ఎపాక్సీ వేసేవాళ్ళని మళ్ళీ పిలిచి ఆ అక్షరాలున్న చోట పెయింటు గీకించేశా. ఈ ఇల్లు రేపు ఎవరు కొన్నా కనపడాలి కదా.

వంశీ_అట్లాంటా
ఆ పని చాలా బాగుంది. పనయ్యాక ఫ్రేములు ఎక్కడ పెడుతున్నారు? గోడకి తగిలించే కొక్కేలు ఉంటాయంట.

శీను_ఫ్రిస్కో
కొక్కేలు గోడ లోపల చెక్క స్టడ్‌కే బిగించాలంట, ఇంకా వెతుక్కోలా. ప్రస్తుతానికి క్యామ్రీ కిందే పరిచి ఉంచేస్తున్నా, దాని మీంచే ఎక్కించి దించుకుంటున్నాం, 3 అంగుళాల ఎత్తే కాబట్టి అడుగు తగలట్లా. ఈ ఆదివారం క్యామ్రీ ముందు షాకులు, మావాడు మాన్యువల్ ప్రింట్ తీసి బోల్టుల టార్కులు పెన్సిల్‌తో గోడ మీద రాసి పెట్టాడు.

ఆటోనగర్_బాషా
షాకు పైన మధ్య నట్టు, స్ప్రింగుని కంప్రెసర్‌తో నొక్కి పట్టకుండా విప్పొద్దని వాడికి ముందే చెప్పండి. స్ప్రింగు కంప్రెసర్ ఉందా?

శీను_ఫ్రిస్కో
లేదు అన్నా. శనివారం డ్రిల్ తెద్దామనుకున్న షాపులోనే అద్దెకి దొరుకుద్దేమో అడుగుతా.